వర్తకుని పేరు కూడా ఆస్తియే: విదేశీ వాణిజ్యంలో మేధాసంపత్తి రక్షణ

ఆస్తి అనగానే కంటికి కనిపించే వస్తువులే సామాన్యంగా మనిషి మనసులో మెదలుతాయి. ఇల్లు, పొలం, దుకాణం, గోదాములోని సరుకు, గల్లాపెట్టెలోని సొమ్ము - వీటిని కాపాడుకోవడానికి తాళాలు వున్నాయి, గోడలు వున్నాయి, దస్తావేజులు వున్నాయి. అయితే పాతికేళ్ళు నిజాయితీగా వ్యాపారం చేసి ఒక వర్తకుడు సంపాదించుకున్న పేరు ఏ పెట్టెలోనూ ఇమిడేది కాదు. కొనేవాడు సీసా మూత తీయకముందే, దానిపై వున్న పేరు చూసి డబ్బు చెల్లిస్తాడు. ఆ పేరును వేరొకడు తన నాసిరకం సరుకుపై అంటించుకుంటే గోదాములో ఒక్క సీసా కూడా తగ్గదు. కాని వర్తకుని పాతికేళ్ళ శ్రమ మాత్రం పరుల పాలవుతుంది.

ఇటువంటి కనిపించని ఆస్తికే మేధాసంపత్తి అని పేరు. ఇందులో ముఖ్యంగా నాలుగు రకాలు వున్నాయి. సరుకును గుర్తుపట్టడానికి వాడే పేరు, బొమ్మ, గుర్తు - ఇది ట్రేడ్‌మార్కు. కొత్తగా కనిపెట్టిన వస్తువుపై లేక తయారీ పద్ధతిపై వుండే హక్కు - ఇది పేటెంటు. సీసా ఆకారం, బట్టపై అల్లిక వంటి రూపానికి సంబంధించినది డిజైను హక్కు. పుస్తకం, అనువాదం, చిత్రం వంటి వాటిపై కర్తకు వుండేది కాపీరైటు. వీటికి తోడు ఎక్కడా నమోదు కాకుండా ఇంటి నాలుగు గోడల మధ్య వుండిపోయే తయారీ రహస్యం ఒకటి వుంది.

ఈ ఆస్తిని స్వదేశంలో కాపాడుకోవడమే కష్టం. సరుకు సరిహద్దు దాటి పరదేశపు బజారుకు చేరినపుడు ఆ కష్టం రెట్టింపవుతుంది. పెద్ద కంపెనీలకు వకీళ్ళ దండు వుంటుంది. చిన్న వ్యాపారికి తన పేరు తప్ప మరే పెట్టుబడీ వుండదు. కనుక నష్టం అతనికే ఎక్కువ. ఈ హక్కును షరీఅత్ గుర్తిస్తుందా? గుర్తిస్తే పరదేశంలో దాన్ని నిలబెట్టుకునే మార్గమేమిటి? ఈ రెండు ప్రశ్నలనూ వరుసగా పరిశీలించవలసి వున్నది.

షరీఅత్ దృష్టిలో ఈ హక్కు

పూర్వపు ఫిఖ్హ్ గ్రంథాలలో ట్రేడ్‌మార్కు, పేటెంటు అనే అధ్యాయాలు కనిపించవు. అచ్చుయంత్రం, ఆవిరి ఓడ, భారీ కర్మాగారం రాకముందు వీటి అవసరం ఇంతగా ఏర్పడలేదు. అయినా ఏ మూలసూత్రాలపై ఈ హక్కును నిర్ణయించవలసి వుంటుందో ఆ సూత్రాలు మొదటి నుండీ వున్నవే.

మొదటిది, పరుల సొమ్మును అక్రమంగా తినరాదన్న దివ్య ఖుర్ఆన్ ఆదేశం (4:29). రెండవది, మద్యన్ ప్రజలకు హజ్రత్ షుఐబ్ (అలైహిస్సలాం) చేసిన బోధ. కొలతలు, తూనికలు సరిగా వుంచమని చెప్పడంతో ఆయన ఆగలేదు. ప్రజలకు చెందిన వాటిలో దేనినీ తగ్గించవద్దని కూడా హెచ్చరించారు (7:85). ఇక్కడ వాడబడిన పదం ధాన్యానికో, బంగారానికో పరిమితమైనది కాదు. ప్రజలవి అనదగిన వస్తువులన్నింటినీ అది తనలో ఇముడ్చుకున్నది. మూడవది, అందరికన్నా ముందుగా ఒకదాన్ని చేరుకున్నవానికే దానిపై హక్కు వుంటుందన్న భావం గల హదీసు. సుననె అబూదావూద్‌లో వున్న ఈ హదీసు బీడు భూమిని సాగులోకి తెచ్చే సందర్భానికి చెందినది. అయితే నూతన ఆవిష్కరణకు కూడా ఇది వర్తిస్తుందని ఈ కాలపు ఉలమాలలో పలువురు అభిప్రాయపడ్డారు.

నాలుగవది మోసానికి సంబంధించినది. దైవప్రవక్త (సల్లం) ఒకనాడు బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. వర్షానికి తడిసిందని అమ్మేవాడు చెప్పగా, అందరికీ కనిపించేలా ఆ తడి ధాన్యాన్ని పైన ఎందుకు వుంచలేదని ప్రశ్నించి, మోసగించేవానికి తనతో సంబంధం లేదని ఆయన స్పష్టం చేశారు. సహీహ్ ముస్లింలో వున్న ఈ సంఘటన నకిలీ పేర్ల వ్యవహారానికి చక్కగా అన్వయిస్తుంది. తడి ధాన్యాన్ని పొడి ధాన్యం కింద దాచడం ఎలాంటిదో, నాసి సరుకును మంచి పేరు కింద దాచడం కూడా అలాంటిదే. ఇందులో అన్యాయానికి గురయ్యేవారు ఇద్దరు - పేరు గల వర్తకుడు ఒకడు, ఆ పేరు నమ్మి కొన్నవాడు మరొకడు.

ఫిఖ్హ్ అకాడమీ తీర్మానం

ఇస్లామీయ సమావేశ సంస్థకు అనుబంధమైన, జిద్దాలోని అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్హ్ అకాడమీ తన ఐదవ మహాసభను 1988 డిసెంబరులో కువైట్‌లో జరిపింది. వివిధ దేశాల ఉలమాలు ఈ విషయాన్ని చర్చించి ఒక తీర్మానం చేశారు. దాని సారాంశం ఇది: వాణిజ్య నామం, ట్రేడ్‌మార్కు, గ్రంథరచన, ఆవిష్కరణ - ఇవి వాటి యజమానులకు చెందిన హక్కులు. నేటి వాడుకలో వీటికి ధనపరమైన విలువ ఏర్పడింది కనుక షరీఅత్ వీటిని గుర్తిస్తుంది, వీటిని ఉల్లంఘించడం తగదు. మోసం, అస్పష్టత లేని పక్షంలో వాణిజ్య నామాన్ని, గుర్తును ప్రతిఫలం తీసుకుని ఇతరులకు బదిలీ చేయవచ్చు.

ఈ తీర్మానానికి మూలాధారం ‘ఉర్ఫ్’, అనగా ప్రజల మధ్య స్థిరపడిన ఆచారం. ఏది ధనమో, ఏది కాదో నిర్ణయించడంలో ఆచారానికి ప్రమేయం వుందని ఫుఖహాలు ఏనాడో అంగీకరించి వున్నారు.

అభ్యంతరాలు, సమాధానాలు

అయితే ఈ విషయంలో అందరూ ఏకాభిప్రాయంతో వున్నారనుకోవడం సరికాదు. ఉపఖండానికి చెందిన గత తరపు హనఫీ పెద్దలలో కొందరు కాపీరైటు వంటి హక్కులను అంగీకరించలేదు. వారి అభ్యంతరాలు తేలికగా తోసివేయదగినవి కావు.

మొదటి అభ్యంతరం: ధనం అనేది చేత పట్టుకోగల, నిల్వ చేయగల వస్తువై వుండాలి. కేవలం ఒక హక్కును అమ్మడమెలా? ఇందుకు సమాధానం హనఫీ గ్రంథాలలోనే లభిస్తుంది. ఒక వ్యక్తి తనకున్న ఉద్యోగపు హక్కును ప్రతిఫలం తీసుకుని వేరొకరికి వదులుకోవడాన్ని ఆచారం దృష్ట్యా తరువాతి కాలపు హనఫీ ఫుఖహాలు సమ్మతించారు. 1836లో మరణించిన అల్లామా ఇబ్నె ఆబిదీన్ షామీ ఈ సమస్యను విపులంగా చర్చించారు. షాఫయీ, మాలికీ, హంబలీ మస్లక్‌లలోనైతే వస్తువు వల్ల కలిగే ప్రయోజనం కూడా ధనంగానే పరిగణించబడుతుంది.

రెండవ అభ్యంతరం: విద్యను దాచడం పాపం కదా, ధార్మిక గ్రంథంపై హక్కు ఎలా వుంటుంది? ఇక్కడ దాచడానికీ, వెలకు ఇవ్వడానికీ గల తేడాను గమనించాలి. గ్రంథాన్ని అచ్చువేసి బజారులో పెట్టినవాడు విద్యను దాచలేదు. దాన్ని చదవడానికి, బోధించడానికి, దానిలోని విషయాన్ని తన మాటల్లో చెప్పడానికి ఎవరికీ అడ్డులేదు. అడ్డు వున్నదల్లా, అనువాదకుడు, ప్రచురణకర్త భరించిన ఖర్చులో పైసా భరించకుండా అదే పుస్తకాన్ని అచ్చువేసి అమ్ముకునేవానికే.

మూడవ అభ్యంతరం: వస్తువును కొన్నవాడు దాని యజమాని, అతడు తన ఇష్టం వచ్చినట్లు వాడుకోవచ్చు కదా? వాడుకోవచ్చు. కొన్న సీసాను తిరిగి అమ్మవచ్చు, దానం చేయవచ్చు. కాని సీసాను కొన్నవాడు సీసాపై వున్న పేరును కొనలేదు. ఆ పేరుతో వెయ్యి కొత్త సీసాలు నింపే అధికారం అతనికి ఎక్కడి నుండీ సంక్రమించదు.

హక్కుకు దేశపు ఎల్లలే ఎల్లలు

ఒక హక్కు న్యాయమైనదని తేలినంత మాత్రాన అది ప్రతిచోటా అమలవుతుందని కాదు. చిన్న వ్యాపారులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. భారతదేశంలో ట్రేడ్‌మార్కు నమోదైతే ప్రపంచమంతటా నమోదైనట్లేనని వారు భావిస్తారు. అది నిజం కాదు. భారతదేశపు నమోదు భారతదేశంలోనే చెల్లుతుంది. దుబాయిలో హక్కు కావాలంటే యు.ఏ.ఇ. చట్టం ప్రకారం, జిద్దాలో కావాలంటే సౌదీ చట్టం ప్రకారం నమోదు కావాలి. ఆరు గల్ఫ్ దేశాలకు ఉమ్మడి ట్రేడ్‌మార్కు చట్టం వున్నది గాని, ఉమ్మడి నమోదు లేదు. ఏ దేశానికి ఆ దేశంలో విడిగా హక్కు పొందవలసిందే.

ఇంకొక తేడా కూడా వున్నది. భారతదేశంలో నమోదు లేకపోయినా, ముందు నుండి ఆ పేరు వాడుతున్నవానికి న్యాయస్థానం రక్షణ ఇస్తుంది. ప్రపంచంలోని చాలా దేశాలలో అలా కాదు. చైనా వంటి దేశాలలో ముందు వాడినవాని కన్నా ముందు దరఖాస్తు పెట్టినవానికే ప్రాధాన్యం. కనుక సరుకు పంపడానికి ముందే అక్కడ దరఖాస్తు పెట్టాలి. ఆ తరువాత పెడితే అప్పటికే వేరొకరు పెట్టి వుండవచ్చు.

ఈ ప్రమాదం పెద్దవారిని సైతం వదలలేదు. జపాన్‌కు చెందిన టయోటా కంపెనీ ‘ప్రియస్’ కారును 1997లో తన దేశంలో విడుదల చేసింది. భారతదేశంలో మాత్రం ఆ పేరును నమోదు చేసుకోలేదు. ఇక్కడి విడిభాగాల సంస్థ ఒకటి 2002లో ఆ పేరును నమోదు చేసుకుంది. తరువాత టయోటా న్యాయస్థానానికి వెళ్ళింది. ఇక్కడి సంస్థ వాడకం మొదలుపెట్టిన నాటికి భారతదేశపు బజారులో ఆ కారుకు తగినంత పేరు వున్నట్లు రుజువు కాలేదంటూ 2017 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ పేరు విషయంలో టయోటాకు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. ఇతర దేశాల్లోని కీర్తి ఇక్కడ పనికి రాలేదు. చైనాలో ‘ఐప్యాడ్’ పేరు వేరొక సంస్థ పేర నమోదై వున్నందున, ఆ వివాదం తేల్చుకోవడానికి ఆపిల్ సంస్థ 2012లో 6 కోట్ల డాలర్లు చెల్లించవలసి వచ్చింది. అంత సొమ్ము చెల్లించి పేరును విడిపించుకునే శక్తి చిన్న వ్యాపారికి వుండదు. అతడు ఆ దేశపు బజారునే వదులుకోవలసి వస్తుంది.

పరదేశపు లిపి కూడా ఒక సమస్యే. అమెరికా బాస్కెట్‌బాల్ క్రీడాకారుడు మైఖేల్ జోర్డాన్ పేరును చైనా భాషలో ‘చియావోదాన్’ అంటారు. చైనాకు చెందిన క్రీడాదుస్తుల సంస్థ ఒకటి ఆ రూపాన్ని తన పేర నమోదు చేసుకుంది. 2012లో మొదలైన వ్యాజ్యంలో 2016 చివర అక్కడి అత్యున్నత న్యాయస్థానం చైనా లిపిలోని పేరు వరకు జోర్డాన్‌కు అనుకూలంగా తీర్పునిచ్చింది. ఆంగ్ల అక్షరాలలో రాసిన రూపంపై మాత్రం ఆయన వాదన నెగ్గలేదు. అరబ్బు దేశాలకు సరుకు పంపేవాడు ఇందులోని పాఠాన్ని గ్రహించాలి. పేరును ఆంగ్లంలోనే కాక అరబ్బీ లిపిలో ఎలా రాయాలో తానే నిర్ణయించి, దాన్ని కూడా నమోదు చేయించుకోవాలి. లేనిపక్షంలో బజారు తనకు తోచిన రూపం ఇస్తుంది, ఆ రూపాన్ని ముందుగా పసిగట్టినవాడు చేజిక్కించుకుంటాడు.

నమోదు ఎలా?

ఉదాహరణకు హైదరాబాదు పాతబస్తీలో అత్తర్లు తయారుచేసే ఒక చిన్న వ్యాపారిని తీసుకుందాం. అతడు మొట్టమొదట స్వదేశంలో తన పేరును నమోదు చేయించుకోవాలి. సరుకులు, సేవలు మొత్తం 45 తరగతులుగా విభజింపబడి వున్నాయి. అత్తర్లు 3వ తరగతికి చెందుతాయి. అతడే యూనానీ మందులు కూడా అమ్మితే అవి 5వ తరగతిలోకి వస్తాయి గనుక రెండు తరగతులలోనూ దరఖాస్తు పెట్టాలి. ఆన్‌లైనులో దరఖాస్తు పెట్టే చిన్న సంస్థకు రుసుము ఒక్కో తరగతికి 4,500 రూపాయలు, ఇతరులకు 9,000 రూపాయలు. నమోదు 10 సంవత్సరాలు చెల్లుతుంది. తరువాత పదేళ్ళకొకసారి పొడిగించుకుంటూ పోవచ్చు.

ఇక విదేశాలకు రెండు మార్గాలు వున్నాయి. 1883 నాటి పారిస్ ఒప్పందం ప్రకారం, స్వదేశంలో దరఖాస్తు పెట్టిన ఆరు నెలలలోగా మరో సభ్యదేశంలో పెడితే, అక్కడ కూడా మొదటి తేదీయే లెక్కలోకి వస్తుంది. భారతదేశం 1998లో ఇందులో చేరింది. గల్ఫ్ దేశాలు ఆరూ ఇందులో సభ్యులే. ఆరు నెలల గడువు దాటితే దరఖాస్తు పెట్టడానికి ఆటంకం లేదు గాని, మొదటి తేదీ ప్రయోజనం పోతుంది.

రెండవది మాడ్రిడ్ ప్రోటోకాల్. భారతదేశం 2013 జూలైలో ఇందులో చేరింది. దీని ప్రకారం భారతదేశపు కార్యాలయం ద్వారా ఒకే దరఖాస్తుతో, ఒకే భాషలో, అనేక దేశాలను ఎంచుకోవచ్చు. జెనీవాలోని ప్రపంచ మేధాసంపత్తి సంస్థ దీన్ని నిర్వహిస్తుంది. బహ్రైన్ 2005లో, ఒమాన్ 2007లో, యు.ఏ.ఇ. 2021 డిసెంబరులో, ఖతర్ 2024లో ఇందులో చేరాయి. సభ్యత్వం లేని దేశంలో ఆ దేశపు కార్యాలయంలోనే స్థానిక వకీలు ద్వారా దరఖాస్తు పెట్టాలి.

మాడ్రిడ్ పద్ధతిలో రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. ఒకటి, దరఖాస్తు ఒకటే అయినా నిర్ణయం ఒకటి కాదు. ప్రతి దేశం తన చట్టం ప్రకారం పరీక్షించి అంగీకరిస్తుంది లేదా తిరస్కరిస్తుంది. రెండు, మొదటి ఐదు సంవత్సరాలలో స్వదేశపు నమోదు రద్దయితే దానిపై ఆధారపడిన విదేశీ నమోదులన్నీ కూలిపోతాయి. పునాది బలంగా లేని ఇంటిపై మేడలు కట్టరాదు.

నమోదు చేయించి వాడకుండా వదిలేసినా ముప్పే. చాలా దేశాలలో మూడు నుండి ఐదు సంవత్సరాలు వాడని పేరును ఇతరుల కోరికపై రద్దు చేస్తారు. కనుక కనిపించిన దేశమల్లా ఎంచుకుని డబ్బు వృథా చేయడం కన్నా, రాబోయే మూడు నాలుగేళ్ళలో నిజంగా సరుకు వెళ్ళే దేశాలను, నకిలీలు తయారయ్యే అవకాశం వున్న దేశాలను ఎంచుకోవడం వివేకం. బిల్లులు, ఓడ కాగితాలు, ప్రకటనల ప్రతులు తేదీలతో సహా భద్రపరచాలి. రేపు వివాదం వస్తే వాడకానికి సాక్ష్యం అవే.

ఏజెంటు, అమానతు

చిన్న వ్యాపారికి పరదేశంలో శత్రువు కన్నా మిత్రుని వల్లనే ఎక్కువ నష్టం జరుగుతుంటుంది. అత్తరు వ్యాపారి దుబాయిలో ఒక ఏజెంటును పెట్టుకుంటాడు. ఆ ఏజెంటు, “మీకెందుకు శ్రమ, ఇక్కడి కాగితాల పని నేను చూసుకుంటాను” అంటాడు. ఆ కాగితాలలో ట్రేడ్‌మార్కు దరఖాస్తు కూడా వుంటుంది, యజమాని పేరు వుండవలసిన చోట ఏజెంటు పేరు వుంటుంది. రెండేళ్ళ తరువాత కమీషను దగ్గర మాటలు చెడి వ్యాపారి మరొకరికి సరుకు పంపితే, చట్టం దృష్టిలో నకిలీ సరుకు పంపినవాడు అసలు తయారీదారే అవుతాడు. రేవులోనే సరుకు ఆగిపోతుంది.

ఇది అమానతులో ఖియానతు. అమానతులను వాటి హక్కుదారులకు అప్పగించమన్న ఖుర్ఆన్ ఆదేశం (4:58) ఇక్కడ నేరుగా వర్తిస్తుంది. లౌకిక చట్టం కూడా దీన్ని ఉపేక్షించలేదు. యజమాని అనుమతి లేకుండా ఏజెంటు తన పేర నమోదు చేయించుకుంటే దాన్ని వ్యతిరేకించే, రద్దు కోరే హక్కు పారిస్ ఒప్పందం ఇస్తున్నది. కాని దాన్ని రాబట్టుకోవడానికి ఏళ్ళు పడుతుంది, సొమ్ము ఖర్చవుతుంది.

కనుక జాగ్రత్త మొదటే వుండాలి. ఏజెంటు ఒప్పందంలో ఈ అంశాలు స్పష్టంగా రాసుకోవాలి: పేరు, గుర్తు, సీసా ఆకారం, వెబ్‌సైటు చిరునామా అన్నీ తయారీదారువే. ఏజెంటుకు వాటిని వాడుకునే అనుమతి మాత్రమే వుంది, అది ఒప్పందంతో పాటే ముగుస్తుంది. ఏజెంటు వాటిని గాని, వాటిని పోలినవాటిని గాని తన పేర నమోదు చేయించరాదు. మిగిలిపోయిన సరుకును ఎలా అమ్మాలి, వివాదం వస్తే ఏ దేశపు న్యాయస్థానానికి వెళ్ళాలి అన్నవి కూడా అందులో వుండాలి.

“సోదర ముస్లిముతో ఇన్ని షరతులా, ఇది అపనమ్మకం కాదా?” అని కొందరు సంకోచిస్తారు. ఖుర్ఆన్‌లోకెల్లా దీర్ఘమైన ఆయత్ (2:282) ఆరాధనల గురించి కాదు, అప్పు లావాదేవీని రాసుకోవడం గురించి అవతరించింది. వ్యవహారం చిన్నదైనా పెద్దదైనా రాసుకోవడానికి విసుగు చెందవద్దని, అలా రాసుకోవడమే న్యాయానికి దగ్గరని, సాక్ష్యానికి బలమని, అనుమానాలకు తావుండదని అందులో బోధించబడింది. విశ్వాసులను ఉద్దేశించి, విశ్వాసుల మధ్య వ్యవహారాల గురించే ఈ బోధ వచ్చింది. కాబట్టి రాసుకోవడం అపనమ్మకానికి చిహ్నం కాదు. నమ్మకం చెడకుండా వుండటానికి అల్లాహ్ చూపిన మార్గం అది. ట్రేడ్‌మార్కు నమోదు కూడా అటువంటి రాతయే.

రహస్యం, పేటెంటు, పూర్వికుల విద్య

అత్తరులో ఏది ఎంత కలపాలన్న పాళ్ళు పేటెంటు తీసుకోదగినవా, దాచుకోదగినవా? పేటెంటు తీసుకుంటే విషయమంతా బహిరంగపరచాలి, ఇరవై ఏళ్ళ తరువాత అది అందరిదీ అవుతుంది. పైగా అది నిజంగా కొత్తదై వుండాలి. చిన్న వ్యాపారికి తరచుగా రహస్యమే మేలు. అయితే రహస్యం తెలిసిన పనివారితో, విదేశీ భాగస్వామితో లిఖితపూర్వక ఒప్పందం వుండాలి. ఒకడు మాట చెప్పి అటూ ఇటూ చూశాడంటే ఆ మాట విన్నవానికి అమానతు అవుతుందని హదీసులో వున్నది. నోటితో చెప్పకపోయినా ఫలానా మాట రహస్యమని గ్రహించి కాపాడమన్న బోధ ఇది.

నిజంగా కొత్త యంత్రమో, పద్ధతియో కనిపెట్టినవాడు మాత్రం దాన్ని విదేశీ ప్రదర్శనలో చూపించక ముందే దరఖాస్తు పెట్టాలి. ముందే బయటపెడితే కొత్తదనం పోయిందంటూ చాలా దేశాలు తిరస్కరిస్తాయి. పేటెంటుకు మొదటి దరఖాస్తు తరువాత 12 నెలల గడువు వుంటుంది. అంతర్జాతీయ పేటెంటు సహకార ఒప్పందం ద్వారా వెళ్తే ఒక్కో దేశంలో ప్రవేశించడానికి 30 లేక 31 నెలలు లభిస్తాయి. భారతదేశంలో నివసించేవారు అనుమతి లేకుండా నేరుగా విదేశంలో మొదటి దరఖాస్తు పెట్టడానికి భారత పేటెంటు చట్టం ఒప్పుకోదు. ఇక్కడ దరఖాస్తు పెట్టి ఆరు వారాలు ఆగాలి, లేదా ముందుగా అనుమతి పొందాలి.

పూర్వికుల గ్రంథాలలో వున్న యూనానీ యోగాలపై ఎవరికీ సొంత హక్కు వుండదు. పసుపుకు గాయాలు మాన్పే గుణం వుందన్న విషయంపై 1995లో అమెరికాలో పేటెంటు ఇవ్వబడింది. భారతదేశపు శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి పాత గ్రంథాల ఆధారాలు చూపగా 1997లో అది రద్దయింది. ఇక్కడ కూడా గెలిచింది రాతయే. ప్రజలు తరతరాలుగా వాడుతున్నారన్న మాట ఒక్కటే సరిపోలేదు, గ్రంథస్థమైన సాక్ష్యం కావలసి వచ్చింది. ఆ అనుభవంతోనే 2001లో సంప్రదాయ విజ్ఞాన డిజిటల్ గ్రంథాలయం ప్రారంభించబడింది. అరబ్బీ, ఫార్సీ, ఉర్దూ భాషలలోని యూనానీ యోగాలు కూడా అందులో చేర్చబడి, పలు దేశాల పేటెంటు కార్యాలయాలకు అందుబాటులో వున్నాయి.

ఊరి పేరు, సమష్టి హక్కు

కొన్ని పేర్లు ఒక్కరివి కావు. చీరాలలో పుట్టి, నల్లగొండ ప్రాంతపు పుట్టపాకలో నిలిచిన తేలియా రుమాలు ఒకప్పుడు అరబ్బు దేశాలకు ఎగుమతి అయ్యేది. నూనెలో నానబెట్టిన నూలుతో నేసిన ఆ వస్త్రాన్ని అక్కడివారు తలగుడ్డగా ధరించేవారు. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఈ హక్కు అక్కడి నేతగాళ్ళందరిదీ. అయితే ఇది కూడా సరిహద్దు దాటదు. డార్జిలింగ్ టీ పేరుకు భారతదేశంలో వున్న రక్షణ చాలక, ఐరోపా సమాఖ్యలో విడిగా దరఖాస్తు పెట్టి 2011లో అక్కడ గుర్తింపు పొందవలసి వచ్చింది. ఒంటరి నేతగానికి ఇది సాధ్యం కాదు. సహకార సంఘాలు, ఎగుమతి మండళ్ళు పూనుకోవలసిన పని ఇది.

హక్కుకు హద్దులు, ఎదుటివాని హక్కు

తన హక్కును కోరేవాడు ఇతరుల హక్కును కూడా గౌరవించాలి. విదేశీ ప్రసిద్ధ సుగంధం పేరును ఒక అక్షరం మార్చి తన సీసాపై వేసుకునే వ్యాపారి, తన పేరు దొంగిలించబడినపుడు ఏ ముఖంతో ఫిర్యాదు చేస్తాడు? హలాల్ ముద్ర విషయంలో ఈ జాగ్రత్త మరింత అవసరం. ఆ ముద్రలు కూడా ఆయా సంస్థలకు చెందిన గుర్తులే. మలేషియాలో 2011 నాటి ఉత్తర్వుల ప్రకారం అధికారం పొందిన ధార్మిక సంస్థలు తప్ప ఇతరులు హలాల్ ధ్రువీకరణ ఇవ్వరాదు. సరుకు నిజంగా హలాలే అయినా, అనుమతి లేని ముద్ర వేయడం ఒక సంస్థ సాక్ష్యాన్ని కల్పించడమే.

మరోవైపు ఈ హక్కు ప్రజల ప్రాణాలపై పెత్తనంగా మారకూడదు. ప్రజారోగ్య పరిరక్షణకు అవసరమైనపుడు పేటెంటు పొందిన మందును ఇతరులు తయారుచేయడానికి ప్రభుత్వాలు అనుమతించవచ్చునని 2001 నాటి దోహా ప్రకటన స్పష్టం చేసింది. భారతదేశంలో అటువంటి మొదటి అనుమతి 2012 మార్చిలో హైదరాబాదుకు చెందిన నాట్కో ఫార్మాకు లభించింది. నెలకు 2,80,000 రూపాయలకు పైగా ఖర్చయ్యే బేయర్ కంపెనీ క్యాన్సరు మందును నెలకు 8,800 రూపాయలకు మించకుండా అమ్మాలని, పేటెంటుదారుకు రాయల్టీ చెల్లించాలని అందులో నిర్ణయించబడింది. హక్కుదారునికి ప్రతిఫలం ఆగలేదు, రోగికి మందు అందింది. సరుకును దాచి ధర పెంచడాన్ని నిషేధించిన షరీఅత్ స్ఫూర్తికి ఇటువంటి మధ్యేమార్గం దగ్గరగా వున్నది.

వ్యాపారి బాధ్యత

పైన చెప్పినదంతా గమనించితే ఒక విషయం తేటతెల్లమవుతుంది. వర్తకుని పేరు ఆస్తియేనని ఈ కాలపు ఉలమాలలో అధికసంఖ్యాకులు అంగీకరిస్తున్నారు, చట్టమూ అంగీకరిస్తున్నది. అయితే ఆస్తి యజమానికి హక్కుతో పాటు ఒక విధి కూడా వుంటుంది - దాన్ని రాసి, సాక్ష్యంతో నిలబెట్టుకోవడం. విదేశానికి సరుకు పంపదలచిన చిన్న వ్యాపారి మొదట స్వదేశంలో నమోదు చేయించాలి. తరువాత ఆ దేశంలో వేరెవరైనా అదే పేరును వాడుతున్నారేమో వెతికించాలి. ఆ దేశపు లిపిలో సైతం తన పేరనే దరఖాస్తు పెట్టాలి. ఏజెంటుతో ఒప్పందం రాసుకోవాలి. వీలున్న దేశాలలో కస్టమ్స్ వారి వద్ద తన గుర్తును నమోదు చేయించాలి. ఇవన్నీ సరుకు ఓడ ఎక్కక ముందే జరగాలి.

ఇందుకయ్యే ఖర్చును దండుగ అని తలచేవారు, దుకాణానికి తాళం కొనడం కూడా దండుగే అనుకోవాలి. ఆ పేరుపై ఆధారపడి బ్రతికేది వ్యాపారి ఒక్కడే కాదు. సీసాలు నింపే కూలీలు, చీటీలు అంటించే స్త్రీలు, రేపు ఆ దుకాణంలో కూర్చోవలసిన పిల్లలు - వీరందరి జీవనోపాధి అందులో ముడిపడి వుంటుంది. ఆ పేరు వారందరి తరఫున అతని చేతిలో వుంచబడిన అమానతు. దాన్ని ఆలోచన లేకుండా పరుల చేతికి జారవిడిచే అధికారం అతనికి లేదు.